మూడుసార్లు పరీక్ష తప్పిన వైద్యుడు – లీ షీజెన్

పరీక్ష ఫలితాలు వచ్చిన రోజు హాస్టల్ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. పాసైనవాళ్ళు వరండాలో కేకలు వేస్తారు. తప్పినవాడు ఎవరి ముఖమూ చూడకుండా ట్రంకు పెట్టె సర్దుకుని సాయంత్రం బస్సు ఎక్కుతాడు. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో అలా వెళ్ళిపోయి మళ్ళీ తిరిగి రాని మిత్రులు ఇద్దరున్నారు. ఈసారి వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు ముందుగా వాళ్ళే గుర్తొచ్చారు. అందుకే మూడుసార్లు పరీక్ష తప్పి, ఆ తరువాత తన దేశ వైద్యానికే పెద్ద దిక్కుగా నిలిచిన ఒక మనిషి కథ చెబుతాను. ఆయన పేరు లీ షీజెన్. చైనాలో చిన్న పిల్లలకు కూడా తెలిసిన పేరు అది.

గంట వైద్యుడి మనవడు

లీ షీజెన్ 1518లో చైనాలోని హుబే రాష్ట్రంలో, యాంగ్జీ నది దగ్గర చీజౌ అనే ఊళ్ళో పుట్టాడు. అప్పుడు చైనాను మింగ్ వంశపు రాజులు పాలిస్తున్నారు. మన దక్షిణాదిలో శ్రీకృష్ణదేవరాయలు పాలిస్తున్న కాలం అది.

షీజెన్ తాత గంట వైద్యుడు. అంటే చేతిలో గంట మోగిస్తూ, మూలికల సంచీ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి మందులిచ్చేవాడు. మన ఊళ్ళకు వచ్చే మందులవాళ్ళను తలచుకుంటే సరిపోతుంది. తండ్రి లీ యెన్‌వెన్ కూడా వైద్యుడే. చుట్టుపక్కల మంచి పేరున్నవాడు, పుస్తకాలు కూడా రాసినవాడు. అయినా ఆ రోజుల్లో చైనాలో వైద్యుడికి పెద్ద గౌరవం లేదు. రాజుగారి పరీక్షలు పాసై ఉద్యోగం సంపాదించినవాడే మనిషి. వైద్యుడిని, సోది చెప్పేవాడిని ఒకే వరుసలో కూర్చోబెట్టేవారు. అధికారుల చేతుల్లో చిన్నచూపు అనుభవించిన యెన్‌వెన్ తన కొడుక్కి ఆ బతుకు వద్దనుకున్నాడు. చదివించి ఆఫీసరును చేయాలనుకున్నాడు. మన అమ్మానాన్నలు మనల్ని హాస్టల్లో చేర్చినప్పుడు ఏమనుకున్నారో ఆయనా అదే అనుకున్నాడు.

మూడు ప్రయత్నాలు

షీజెన్ చిన్నప్పటి నుంచి బలహీనంగా ఉండేవాడు. తరచూ జబ్బు పడేవాడు. కానీ చదువులో చురుకు. పద్నాలుగో ఏట మొదటి మెట్టు పరీక్ష పాసయ్యాడు. ఆ పై మెట్టు రాష్ట్రస్థాయి పరీక్ష. మూడేళ్ళకొకసారి వూచాంగ్ నగరంలో జరిగేది. కరోనా రోజుల్లో మనం విన్న వూహాన్ నగరంలో ఇప్పుడు అది ఒక భాగం. పాత గ్రంథాల మీద, కట్టుదిట్టమైన ఒకే పద్ధతిలో వ్యాసం రాయాలి. షీజెన్‌కు చెట్లు, పురుగులు, చేపలు, మందులు ఇష్టం. ఆ పరీక్షలో వాటికి మార్కులు లేవు.

మొదటిసారి తప్పాడు. మూడేళ్ళు చదివి మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తప్పాడు. ఇంకో మూడేళ్ళు ఆగి మూడోసారి వెళ్ళాడు. అప్పుడూ తప్పాడు.

ఈ మధ్యలోనే, ఇరవై ఏళ్ళ వయసులో, ఆయనకు పెద్ద జబ్బు చేసింది. జలుబు, దగ్గుతో మొదలై ఒళ్ళు నిప్పులా కాలిపోయే జ్వరంగా మారింది. రోజూ గిన్నెడు కఫం పడేది, నిద్ర ఉండేది కాదు. తనకు తెలిసిన మందులు నెల రోజులు వాడితే జబ్బు ఇంకా ముదిరింది. ఇక బతకడని అందరూ అనుకున్నారు. చివరికి తండ్రి పాత పుస్తకంలో చదివిన ఒక సంగతి గుర్తు తెచ్చుకుని, హువాంగ్‌చిన్ అనే ఒకే ఒక్క వేరును నీళ్ళలో కాచి కషాయం ఇచ్చాడు. మర్నాటికి జ్వరం దిగిపోయింది. ఈ సంగతిని లీ షీజెన్ తరువాత తన పుస్తకంలో స్వయంగా రాసుకున్నాడు. సరైన మందు సరైన రోగికి పడితే ఏమవుతుందో, పడకపోతే ఏమవుతుందో తన ఒంటి మీదే చూశాడు.

మూడోసారి పరీక్ష తప్పాక ఆయన తండ్రి ముందు నిలబడి తననూ వైద్యుణ్ణి చేయమని వేడుకున్నాడు. తండ్రి ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు. లోకం లెక్కలో అది ఓటమి. వైద్యశాస్త్రం లెక్కలో అది మొదలు.

ఆయన దగ్గరకు వెళ్ళిన రోగికి ఏం జరిగేది?

ఒక కొత్త రోగి ఆయన ఇంటి గడప తొక్కితే ఏం జరిగేదో చూద్దాం. చైనా వైద్యం దగ్గరకు ఈ రోజు వెళ్ళేవారికి కూడా చాలావరకు ఇదే ఎదురవుతుంది.

మొదటిది చూడటం. ముఖం రంగు, నడక, కళ్ళు, ముఖ్యంగా నాలుక. నాలుక ఎర్రగా ఉందా, పాలిపోయిందా, దాని మీద పూత తెల్లగా ఉందా, పచ్చగా ఉందా అని చూస్తారు. రెండోది వినడం, వాసన పట్టడం. గొంతు, దగ్గు, ఊపిరి ఎలా ఉన్నాయో గమనిస్తారు. మూడోది అడగడం. చలా, వేడా, చెమట పడుతుందా, దాహం ఉందా, ఆకలి, నిద్ర, విరేచనం ఎలా ఉన్నాయి, ఆడవారైతే నెలసరి ఎలా వస్తుంది, ఇలా వరసగా ప్రశ్నలు వేస్తారు. నాలుగోది నాడి పట్టడం. రెండు మణికట్ల మీద, ఒక్కోచోట మూడు వేళ్ళు ఆనించి, ముందు తేలికగా, తరువాత కొంచెం గట్టిగా నొక్కి చూస్తారు. తొందరపడరు.

నాడి గురించి లీ షీజెన్ 1564లో ఒక చిన్న పుస్తకం రాశాడు. 27 రకాల నాడులను అందులో వర్ణించాడు. నేర్చుకునే కుర్రాళ్ళకు నోటికి వచ్చేలా పద్యాల్లో రాశాడు. మనం ఎక్కాలు, శతక పద్యాలు బట్టీ పట్టినట్టే చైనా వైద్య విద్యార్థులు తరతరాలుగా దానిని బట్టీ పట్టారు.

పరీక్ష అయ్యాక మందు. ఒకే జబ్బుకు అందరికీ ఒకే మందు ఇవ్వడం ఆ వైద్యంలో ఉండదు. మనిషి తీరును బట్టి నాలుగైదు నుంచి పదీ పదిహేను మూలికల దాకా కలిపి పొట్లం కడతారు. దానిని ఇంట్లో మట్టిపాత్రలో కాచి, వడకట్టి, రోజుకు రెండుసార్లు తాగాలి. చాలావరకు చేదుగా ఉంటుంది. అవసరమైతే సన్నని సూదులు గుచ్చుతారు, అదే ఆక్యుపంక్చర్. ఇంకోటి సెగ పెట్టడం. ఒక ఆకును ఎండబెట్టి, దూదిలా నలిపి, చుట్టగా చుట్టి వెలిగించి, ఒంటికి దగ్గరగా పట్టుకుంటారు. ఆ ఆకుకు చీజౌ ఊరే ప్రసిద్ధి. లీ షీజెన్ తండ్రి దాని మీద ఒక గ్రంథం కూడా రాశాడు. వినాయక చవితి నాడు మనం పత్రిలో పెట్టే మాచిపత్రి ఉంది కదా, ఆ కుటుంబానికి చెందిన మొక్కే అది.

దూరాభారం నుంచి పేదలు ఆయన దగ్గరకు వచ్చేవారని, చాలామంది దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదని ఆయన జీవిత చరిత్ర రాసినవారు చెబుతారు. అదే సమయంలో రాచకుటుంబాల నుంచి కూడా పిలుపులు వచ్చాయి. చూ రాజకుమారుడి కొడుక్కి మూర్ఛ వస్తే నయం చేశాడు. దాంతో ఆ కొలువులో ఉద్యోగం దొరికింది. అక్కడి నుంచి బీజింగ్‌లోని రాజవైద్యాలయానికి పంపించారు. పరీక్షలు పాసై పొందలేని కొలువు పనితనంతో దక్కింది. కానీ అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు.

రాజుకే నచ్చని నిజం

అప్పటి చక్రవర్తి జియాజింగ్‌కు చావు లేకుండా బతకాలన్న పిచ్చి ఉండేది. పాదరసంతో చేసిన గుళికలు మింగేవాడు. పాత మందుల పుస్తకాలు కూడా పాదరసంలో విషం లేదని, ఎక్కువ కాలం తింటే మనిషి అమరుడవుతాడని రాసిపెట్టాయి. అది విషమని, దానిని నమ్మి ఎంతోమంది ప్రాణాలు పోగొట్టుకున్నారని లీ షీజెన్ తన గ్రంథంలో రాశాడు. జియాజింగ్ 1567లో చనిపోయాడు. ఆ గుళికలే ఆయన ప్రాణం తీశాయని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. సీసం గనుల్లో పనిచేసే కూలీల ఒళ్ళు ఎలా పాడవుతుందో కూడా లీ షీజెన్ రాశాడు. రాజు గుళికనూ, కూలీ రోగాన్నీ ఒకే కలంతో రాసిన మనిషి ఆయన.

తప్పులు ఇవే కావు. ఒకే దుంపను పాత పుస్తకాలు నాన్‌సింగ్ అని ఒకచోట, హూజాంగ్ అని ఇంకోచోట రాసి రెండు మందులుగా లెక్కపెట్టాయి. వేరే వేరే మొక్కలను ఒకటిగా కలిపేశాయి. వైద్యుడు పుస్తకం చూసి మందు రాస్తాడు, అంగడివాడు పేరు చూసి పొట్లం కడతాడు. మధ్యలో పోయేది రోగి ప్రాణం. మందుల పుస్తకాన్ని మొదటి నుంచి సరిచేయాలని ఆయన నిర్ణయించుకున్నాడు. ఎవరూ ఆయనకు ఆ పని అప్పగించలేదు, జీతం ఇవ్వలేదు. 1552లో మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 34.

ఇరవై ఏడేళ్ళ పని

ఆయన సుమారు 800 గ్రంథాలు తిరగేశాడు. కానీ పుస్తకాలతో ఆగలేదు. బుట్ట వీపున కట్టుకుని, కొడుకును, శిష్యుణ్ణి వెంటబెట్టుకుని కొండలు, నదీతీరాలు తిరిగాడు. రైతులను, జాలరులను, కట్టెలు కొట్టేవాళ్ళను, వేటగాళ్ళను, పాములు పట్టేవాళ్ళను అడిగాడు. చదువుకున్నవాళ్ళు పలకరించని మనుషులే ఆయనకు గురువులయ్యారు.

చీజౌలో ఒక పాము మందుకు ప్రసిద్ధి. దానిని పన్నుగా పంపమని అధికారులు జనాన్ని పీడించేవారు. అది దొరకడం కష్టం కాబట్టి అంగళ్ళలో వేరే పామును అదే పేరుతో అమ్మేవారు. లీ షీజెన్ పాములు పట్టేవాళ్ళతో కొండ ఎక్కి, అసలు పాము ఎక్కడ ఉంటుందో, ఏ ఆకు దగ్గర తిరుగుతుందో, ఒంటి మీద గుర్తులు ఎలా ఉంటాయో కళ్ళారా చూసి రాశాడు.

అలుగు చీమల్ని తింటుందని పాత పుస్తకంలో చదివాడు. ఒక అలుగు పొట్ట కోసి చూసి, లోపల ఉన్న చీమలు ఎంత ఉన్నాయో కొలిచాడు. ఉమ్మెత్త మత్తు ఇస్తుందన్న మాట నిజమా అని తానే పుచ్చుకుని చూశాడు. (తమ్ముళ్ళూ, ఈ పని మీరెవరూ చేయకండి. ఉమ్మెత్త గింజలు ప్రాణం తీస్తాయి.)

1578 నాటికి పుస్తకం పూర్తయింది. పనికి 27 ఏళ్ళు పట్టిందని చైనీయులు లెక్క చెబుతారు. మొత్తం తిరగరాసింది మూడుసార్లు. పేరు బెన్‌త్సావ్ గాంగ్‌ము. మూలికల మహాసంగ్రహం అనుకోవచ్చు. 52 సంపుటాలు, 1,892 ఔషధ పదార్థాలు, 11,096 మందు యోగాలు, వెయ్యికి పైగా బొమ్మలు. వాటిలో 374 పదార్థాలను ఆయనే కొత్తగా చేర్చాడు. కొడుకులు, మనవలు, శిష్యుడు పాంగ్ షియెన్ రాతపనిలో, బొమ్మల్లో సాయం చేశారు.

తరువాత ఇంకో కష్టం వచ్చింది. అచ్చువేసేవాళ్ళు దొరకలేదు. పరీక్ష తప్పిన వైద్యుడి పుస్తకం ఎవరు కొంటారన్నది వ్యాపారుల లెక్క. 1580లో ఆయన పడవల మీద దూరప్రయాణం చేసి వాంగ్ షీజెన్ అనే గొప్ప పండితుణ్ణి కలిసి ముందుమాట అడిగాడు. ఆ ముందుమాట చేతికి వచ్చింది 1590లో. పదేళ్ళు! అప్పుడు నాన్జింగ్ నగరంలో హూ చెంగ్‌లుంగ్ అనే ప్రచురణకర్త ముందుకొచ్చాడు. చెక్క పలకల మీద అక్షరాలు చెక్కే పని సాగుతుండగా, 1593లో లీ షీజెన్ కన్నుమూశాడు. పుస్తకం 1596లో బయటికి వచ్చింది. కొడుకు లీ జియెన్‌యువాన్ ఒక ప్రతిని చక్రవర్తికి సమర్పించాడు. ఆస్థానం దానిని చూసి భద్రపరచమని చెప్పి ఊరుకుంది. రాజు పట్టించుకోకపోయినా జనం పట్టించుకున్నారు. పదేళ్ళు దాటగానే, 1607లో, పుస్తకం జపాన్ చేరింది. 1735లో కొన్ని భాగాలు ఫ్రెంచి భాషలో వచ్చాయి. 2011లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

నేటి రోగులు తెలుసుకోవలసినది

ఆ పుస్తకం దేవుడి వాక్యం కాదు. అందులో నేడు ఎవరూ నమ్మలేని సంగతులు కూడా చాలా ఉన్నాయి. పాతవారి తప్పులు ఆయన దిద్దినట్టే ఆయన తప్పులు తరువాతివారు దిద్దాలి. అదే ఆయనకు గౌరవం. అలా పరీక్షించి చూసినప్పుడు బంగారమూ దొరికింది, విషమూ దొరికింది.

బంగారం గురించి ముందు చెబుతాను. చింగ్‌హావ్ అనే మొక్క చలిజ్వరానికి పనిచేస్తుందని నాలుగో శతాబ్దపు వైద్యుడు గ హోంగ్ రాశాడు. లీ షీజెన్ కూడా తన గ్రంథంలో రాశాడు. ఇదీ మాచిపత్రి కుటుంబపు మొక్కే. తు యోయో అనే శాస్త్రవేత్త 1970ల మొదట్లో దాని నుంచి ఆర్టెమిసినిన్ అనే మందు తీసింది. ముందు తానే మింగి చూసింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. దోమ ఒంట్లో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో కనుక్కున్నది మన సికింద్రాబాదులో. ఆ మలేరియాకు మన ఏజెన్సీ గ్రామాల్లో నేడు ఇచ్చే మాత్రల్లో ఒకటి ఆ చైనా మొక్క చలవ.

ఇక విషం. 1990లలో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికల మందు వాడిన చాలామంది ఆడవారికి కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలిక బదులు ఇంకో మూలిక కలిసిపోయింది. అందులో ఉన్నది అరిస్టలోకిక్ ఆమ్లం. మన పల్లెల్లో పాముకాటుకు వాడే ఈశ్వరి వేరులో కూడా అదే ఆమ్లం ఉంది. ఒకే పేరుతో వేరే సరుకు అమ్మడం గురించి లీ షీజెన్ నాలుగు వందల ఏళ్ళ క్రితం పడిన భయం ఇదే. అలుగు కూడా అంతే. పొలుసుల కోసం విపరీతంగా వేటాడటంతో ఆ జాతి అంతరించిపోయే స్థితికి వచ్చింది. 2020లో చైనా తన అధికారిక ఔషధ గ్రంథంలోని మందుల జాబితా నుంచి అలుగు పొలుసులను తీసేసింది.

సూదుల వైద్యం మన దేశానికి వచ్చిన దారి కూడా చెప్పుకోవాలి. 1938లో యుద్ధంలో గాయపడిన చైనీయులకు సేవ చేయడానికి భారతదేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్ళారు. వారిలో డాక్టర్ కోట్నీస్ 1942లో అక్కడే చనిపోయారు. ఆయన సహచరుడు డాక్టర్ విజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. ఇప్పుడు మన పట్టణాల్లో కూడా అది ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా మోకాళ్ళ నొప్పులకో, నడుము నొప్పికో వెళితే ఈ సంగతులు గుర్తుంచుకోండి.

సూది ఇంజక్షన్ సూది కంటే చాలా సన్నం. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, తరువాత లోపల బరువుగా, తిమ్మిరిగా అనిపిస్తుంది. ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా పడుకోబెడతారు. ఒక్కసారితో అయిపోదు, కొన్నిసార్లు వెళ్ళాలి. ఖాళీ కడుపుతో వెళితే కళ్ళు తిరుగుతాయి. ప్రతి మనిషికీ కొత్త సూది, మీ కళ్ళ ముందు ప్యాకెట్ విప్పిన సూది వాడాలి. కప్పులు పెట్టి గాలి లాగితే ఎర్రటి వలయాలు కొన్ని రోజులు ఉంటాయి, భయపడనక్కరలేదు. నాలుక చూస్తారు కాబట్టి వెళ్ళేముందు కిళ్ళీ, రంగు మిఠాయి తినకండి. గర్భిణి అయినా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, షుగరు, బీపీ ఉన్నా ముందే చెప్పాలి. కషాయం ఇస్తే అందులో ఏమున్నాయో కాగితం మీద రాయించుకోవాలి. ఇచ్చేవారు ఎక్కడ నేర్చుకున్నారో అడగాలి. అడిగితే కోపగించుకునే వైద్యుడి దగ్గర ఆగవద్దు.

కొన్ని రకాల దీర్ఘకాలపు నొప్పులకు సూదులతో ఊరట కలుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అన్ని జబ్బులకూ పనిచేస్తుందని మాత్రం రుజువు కాలేదు. ముఖ్యంగా టీబీ మాత్రలు, ఇన్సులిన్, గుండె మందులు ఆపేసి ఏ కషాయానికీ, ఏ పసరుకూ, ఏ సూదికీ వెళ్ళవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే టీబీ మాత్రలను డాక్టరు చెప్పినంత కాలం పూర్తిగా వేసుకోవాలి. మన ఇళ్ళల్లో సగం మందుతో ఆగిపోయిన ప్రాణాలు ఎన్నో ఉన్నాయి కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను.

మిత్రులారా! లీ షీజెన్ సమాధి చీజౌలో ఆయన తిరిగిన సరస్సు ఒడ్డునే ఉంది. ఆయనను మూడుసార్లు తప్పించిన పరీక్షాధికారుల పేర్లు లోకానికి గుర్తు లేవు. గంట మోగించుకుంటూ తిరిగిన తాత మనవడి పేరు మాత్రం నిలిచింది. రాసి ఉన్నదాన్ని అలాగే నమ్మకుండా వెళ్ళి చూశాడు, అడగడానికి సిగ్గుపడలేదు, ఆలస్యమైనా పని వదలలేదు. ఈ మూడూ డబ్బుతో కొనేవి కావు, మన హాస్టల్ పిల్లలందరికీ అందేవే.

ఈ ఏడు ఫలితాల రోజున ట్రంకు పెట్టె సర్దుకుంటున్న తమ్ముడు గానీ, చెల్లెలు గానీ కనిపిస్తే ఒంటరిగా బస్సు ఎక్కనివ్వకండి. పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి. సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరు తేదీ కూడా చెప్పండి.

– ఒక పూర్వ విద్యార్థి